ఎరువు గొంతు

ముందు డప్పు వినిపించింది. టప్, టప్ అని మెత్తగా, మొద్దుగా, ఇంకా నిద్ర లేవనట్టుగా. కాసేపాగి మళ్లీ. అంతలో ఒక్కసారిగా ఖణ్‌మని మోగి, మెట్రో స్తంభాలకు తగిలి, మలుపు తిరిగి, మాదాపూర్‌లోని ఆ అద్దాల మేడ గేటు దాటుతున్న అమ్మాయి చెవిన పడింది. తోలు కాగిందన్నమాట. ఓదెలు వచ్చాడన్నమాట.

ఆమె మెడలోని ఆఫీసు ట్యాగును తీసి సంచిలో దాచుకుని, నడక వేగం పెంచింది.

మెట్రో వంతెన కింద, చాయ్ బండి పక్కన, ఇంటింటికీ సరుకులు మోసి ఖాళీ అయిన అట్టపెట్టెలు మండుతున్నాయి. ఆ సెగకు ఓదెలు డప్పు కాచుకుంటున్నాడు. శుక్రవారం సాయంత్రమైతే అక్కడ జనం చేరతారు. క్యాబులు నడిపేవాళ్లు, హాస్టల్ పిల్లలు, మేడలు తుడిచేవాళ్లు. వచ్చిన పాట పాడతారు, రాసిన కవిత చదువుతారు. పైన రైలు పోతున్నంతసేపూ మాట ఆగుతుంది, డప్పు సాగుతుంది.

నోరు పెగలనివాళ్లకు అక్కడొక ఏర్పాటుంది. దాని పేరు ఎరువు గొంతు. రాసినవాళ్లు ఓదెలు వెనక నిలబడి ఒక్కో పాదం అతని చెవిలో చెబుతారు. ఆ పాదానికి ఓదెలు గొంతు అరువిస్తాడు. నలుగురూ ముందున్న ముఖాన్నే చూడాలి. వెనకున్నవాళ్ల పేరు ఎవరూ అడగకూడదు.

ఎండలు ముదిరినప్పటి నుంచి ఆ అమ్మాయి ఆ గొంతుతోనే బతుకుతోంది. అదే మేడలో నేలలు తుడిచే అంజమ్మ ఆమెకు వెనకపిల్ల అని పేరు పెట్టింది.

"వచ్చినవా ఎనకపిల్లా! నిన్ను పెండ్లిపీటల మీద కూసోవెడితె, పుస్తె కట్టనీకె పిలగాడు ఎనకకు రావాలె గాదే!"

అందరూ నవ్వారు. ఓదెలు నవ్వలేదు. అదే మేడ గేటు దగ్గర కాపలా ముగించుకుని ఎప్పుడూ నీలం డ్యూటీ చొక్కాతోనే వచ్చే మనిషి, ఇవాళ బనియన్ మీద తువ్వాలు కప్పుకున్నాడు.

"చొక్కా ఏదన్నా?" అంది ఆమె.

"గుంజుకున్నరు చెల్లె. పోయిన శుక్రవారం పాటను ఎవలో ఫోన్ల వట్టిండ్రు. అండ్ల నా మొఖమొక్కటే ఉన్నది. నువ్వు ఫికర్ జెయ్యకు. ఇయ్యాల బండెక్కి ఇంటికి వో."

ఆమె కదల్లేదు. ఆ పాట ఆమెదే. గేటు బయట డ్రైవర్లకూ పనివాళ్లకూ ఉన్న ఒక్క మంచినీళ్ల కుళాయిని నడి ఎండాకాలంలో పీకేశారు. లోపల ఫౌంటెన్ మాత్రం సంగీతానికి తగ్గట్టు ఆడుతూనే ఉంది. ఆమె పనిచేసే ఏడో అంతస్తు కిటికీలోంచి రెండూ ఒకే చూపుకు కనిపిస్తాయి.

ఇంతలో మేడ నిర్వహణ చూసే లక్ష్మీనారాయణ, ఇద్దరు గార్డులను వెంటబెట్టుకుని వచ్చాడు. డప్పు ఆగింది.

"చూడు ఓదెలూ," అన్నాడు నెమ్మదిగానే. "ఆ మాటలు నీవి కావని నాకు తెలుసు. ఎవరు రాశారో చెప్పు. నీ చొక్కా నీకిచ్చేస్తాను."

"నాకెర్క లేదు సారు."

"చెవిలో నోరు పెట్టి చెప్పినవాళ్లు నీకు తెలీదా?"

"పేరడుగుతె అది ఎరువు గొంతు ఎట్లయితది సారు? నాడు అడగలే. ఇగ అడగ గూడ."

"ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్లేదయ్యా పెద్దలు. ఎవరి బరువో నువ్వు మోస్తున్నావు. రేపటి నుంచి గేటు దగ్గరికి రానక్కర్లేదు."

అంజమ్మ కొంగు బిగించింది. "ముందుగాల నల్లా పీకినోని పేరు జెప్పు సారు. గప్పుడు మేం జెప్తం మా పేర్లు!"

మంట చుట్టూ ఈలలు లేచాయి. లక్ష్మీనారాయణ ముఖం ఎర్రబడింది.

మెట్రో మెట్లు పక్కనే ఉన్నాయి. ఎక్కితే చాలు, రైలు ఆమెను గుట్టుగా ఇంటికి చేరుస్తుంది. ట్యాగు సంచిలోనే ఉంది. లక్ష్మీనారాయణకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు. చెప్పనందుకే ఓదెలు కూడు పోతోంది.

ఆమె ఓదెలు వీపు దాటి ముందుకు వచ్చింది. అక్కడ అంత వెలుతురు ఉంటుందని ఆమెకు తెలియదు.

"గేటు లోపల నీళ్లు గెంతులేస్తున్నాయి..."

సరిగ్గా అప్పుడే పైన రైలు వచ్చింది. మాట ఆగింది, డప్పు అందుకుంది. రైలు పోయేసరికి రెండో పాదం కూడా దానితోపాటే పోయింది. తానే రాసిన పాదం!

అప్పుడు వెనక నుంచి, చెవి దగ్గర, మెల్లగా:

"గేటు బయట నాలికె గడియేసుకున్నది..."

ఆమె దాన్ని అతని యాసలోనే అంది, గట్టిగా. ఇక ఆగలేదు.

"అద్దాల మేడా, అద్దాల మేడా,
నిన్ను తుడిచిన చేతులకే
దోసెడు నీళ్లు లేవా?"

"లెవ్వా?" అన్నాడు ఓదెలు. "లెవ్వా?" అంది అంజమ్మ. "లెవ్వా, లెవ్వా" అని మంట చుట్టూ ఉన్న గొంతులన్నీ అడిగాయి. లక్ష్మీనారాయణ వెంట వచ్చిన గార్డుల్లో ఒకడు తల వంచుకున్నాడు. వాడి పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు?" లక్ష్మీనారాయణ అరిచాడు. "నీ పేరేంటి?"

"ఈడ పేరడగొద్దు సారు!" అంజమ్మ అడ్డంగా వచ్చింది.

ఆ అమ్మాయి అంజమ్మ భుజం మీద చెయ్యి వేసి, మృదువుగా పక్కకు జరిపింది. సంచిలోంచి ట్యాగు తీసి మెడలో వేసుకుంది. ఓదెలు డప్పును ఛాతీకి హత్తుకుని, అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

"మీరడగక్కర్లేదండి, నేనే చెబుతున్నాను. ఓదెలన్న చొక్కా ఓదెలన్నకివ్వండి. కుళాయి మళ్లీ బిగించండి. రాసింది నేను, ఏడో అంతస్తు. నా పేరు ఎవాంజెలిన్."