మూడు వారాల ఆలస్యం

"రచనా, కాఫీ ఏదే?" అని అత్తగారు బాలత్రిపురసుందరి వరండాలోంచి కేకేసింది. రచన భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేస్తోంది. లేచి పాలు పెట్టిందో లేదో, "నా చొక్కా ఇస్త్రీ చేశావా?" అంటూ గదిలోంచి భర్త సాయికౌశిక్. అటు వెళ్తే ఇటు పాలు పొంగాయి. "ఒక్క పనీ తిన్నగా చెయ్యదు" అని అత్తగారి సణుగుడు. ఎన్ని చేతులున్నాయనుకుంటున్నారో మహానుభావులు!

అసలు పనేమిటంటే, మిర్చి ధరలు చూపించే వెబ్‌సైటులో ఒక తప్పు దొర్లుతోంది. రైతు ముందు తేజ రకం నొక్కుతాడు. నెట్ నత్తనడక. విసుగొచ్చి బాడిగ రకం నొక్కుతాడు. బాడిగ ధర టక్కున వస్తుంది. ఆ తర్వాత తీరిగ్గా తేజ ధర వచ్చి దాని మీద కూర్చుంటుంది. పైన పేరు బాడిగది, కింద అంకె తేజది. నిన్న బుల్లయ్య అనే రైతు ఆ అంకె నమ్మి సరుకు తక్కువకి ఇచ్చేసి ఫోన్లో గొల్లుమన్నాడు. రైతు నొక్కినప్పుడల్లా వెళ్లే ప్రతి ప్రశ్నకీ రచన ఒక వరస సంఖ్య వేసింది. చివరి ప్రశ్నకి జవాబు తప్ప, పాతవి ఎప్పుడొచ్చినా అవతల పారెయ్యమని రాసింది. పదిసార్లు నొక్కి చూసింది. కుదిరింది.

ఇలాంటివి చక్కబెడుతుందనే, గుంటూరు ఆఫీసుకి టీం లీడ్‌గా రమ్మని పై అధికారి రెబెకా అడిగింది. మూడు వారాలైంది. చిలకలూరిపేట నుంచి రోజూ బస్సులో వెళ్లిరావాలి. భర్తనడిగితే, "అమ్మనడిగి చెప్తాలే." అత్తగారినడిగితే, "వాడేమంటాడో చూద్దాం." మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట. వీళ్ల కాఫీ రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు ఎగిరిపోతుంది గానీ, ఈమె బతుకు గురించి అడిగిన మాటకి మాత్రం తొందరేముంది? ఒళ్లు మండిపోయింది రచనకి.

పదకొండింటికి రెబెకా ఫోన్ చేసింది. "ఇవాళ చెప్పకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారమ్మా. ఏమంటావు?"

"వస్తానండీ" అంది రచన. ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం తల్లీకొడుకులకి వడ్డిస్తుంటే సాయికౌశిక్ పప్పు కలుపుకుంటూ, "ఆ గుంటూరు సంగతి అమ్మా నేనూ మాట్లాడుకున్నాంలే. వద్దు. ఇంటి పట్టున ఉండి చేసుకో, ఏం తక్కువైంది?" అన్నాడు.

"సోమవారం నుంచి ఏడింటి బస్సుకి వెళ్తున్నానండీ. ఇందాకే ఒప్పుకున్నాను."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అత్తగారు నోరు తెరిచింది. "హవ్వ! మమ్మల్ని అడక్కుండానే?"

"మూడు వారాలు అడిగానత్తయ్యా. ఇంక అడగను."

వాళ్లు తిని లేచేదాకా ఆగడం ఈ ఇంట్లో కోడలి ఆనవాయితీ. రచన కంచం తెచ్చుకుని, వాళ్ల ఎదురుగా కుర్చీ లాక్కుని, అన్నం వడ్డించుకుంది.