పాప ఎదగాలంటే

బడి గౌను ఇస్త్రీ చేస్తూ, అంచు మడత విప్పుదామా అని చూసి, అక్కర్లేదని అలాగే వదిలేసిందామె. రెండేళ్ళ కిందటి గౌను ఇంకా మోకాళ్ళు దాటే వస్తోంది. తోటిపిల్లలంతా చూస్తుండగానే పొడుగు సాగిపోతుంటే, ఎనిమిదేళ్ళ పాప మాత్రం ఉన్నచోటే ఉంది. "ఉద్యోగం మీదున్న ధ్యాస పిల్ల తిండి మీద ఉంటేగా!" అని అత్తగారు. "మా వైపు పొట్టివాళ్ళు లేరు, అంతా మీ పుట్టింటి సొత్తే," అని భర్త. రోజూ ఆమె పని ఇదే: పొద్దున్నే లేచి గుడ్డు ఉడికించడం, పాలు కాచడం, బతిమాలి తినిపించడం, ఆఫీసులో మేనేజరు చేత చివాట్లు తింటూ కూడా పాప డబ్బా ఖాళీ చేసిందో లేదో అని బెంగపడడం. ఎక్కడ తప్పు చేస్తున్నానా అని తనను తానే తవ్వుకునేది.

చివరికి పరీక్షల కోసం పాపను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. తోడుగా తల్లి ఉంది. ఎముకలు, థైరాయిడ్ బాగానే ఉన్నాయి కానీ, మెదడు అడుగునుండే చిన్న గ్రంథి ఎదుగుదల హార్మోనును సరిగా వదలడం లేదని తేలింది. ఆ వార్డులోనే పాప పక్క మంచం పిల్లతో నవ్వుతూ, అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. కొన్ని వారాలు అక్కడే ఉంచి చూసి, మళ్ళీ పరీక్ష చేసి డాక్టరమ్మ తల్లిని పిలిచింది.

"హార్మోను మామూలుకొచ్చిందమ్మా. మేం మందేమీ ఇవ్వలేదు."

"మరెలా?"

"ఎదుగుదలకి తిండి కావాలి, నిద్ర కావాలి. తల్లిదండ్రుల పొడుగూ లెక్కలోకొస్తుంది. కానీ ఎప్పుడూ బిక్కుబిక్కుమంటూ బతికే పిల్లల్లో ఒక్కోసారి ఆ గ్రంథి పని మందగిస్తుంది. ఇంట్లో పాప ఎవరికి భయపడుతుంది?"

"ఎవరికీ లేదండీ. వాళ్ళ నాన్న దాన్ని ఒక్క దెబ్బ కూడా..."

దాన్ని కొట్టడు, నిజమే. గోడకేసి విసిరిన కంచం, తన జుట్టు పట్టుకున్న చెయ్యి, తలుపు సందులోంచి ఊపిరి బిగబట్టి చూసే రెండు కళ్ళు గుర్తొచ్చాయి. పాప కోసమే అన్నీ దిగమింగుతున్నానని ఇన్నేళ్ళూ అనుకుంది. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మొహం కడుక్కుని అక్కకి ఫోన్ చేసింది.

ఆసుపత్రి నుంచి పంపించే రోజు భర్త ఫోన్ చేశాడు. "ఏమన్నారు? మందు రాశారా?"

"మందక్కర్లేదు. పాపకి చోటు మారాలి. అక్క దగ్గరికి వెళ్తున్నాం."

"సరే, ఓ వారం ఉండి రండి. ఇక్కడ అమ్మకి వంట కష్టంగా ఉంది. ఇంతకీ ఎప్పుడొస్తారు?"

"పాప పెద్దదయ్యాక," అంది ఆమె.