తొట్టిలో తెల్ల గుత్తులు

మా పెదనాన్న పోయాక రియోహా సీమలోని ఆ కొండవాలు ద్రాక్షతోట పెద్దకొడుకు కాస్తో పేరున పడింది. గట్టు వెంబడి ఉన్న తెల్లద్రాక్ష తీగలు మాత్రం చిన్నవాడు ఎలాదియోవని అందరం అనుకునేవాళ్ళం. తండ్రి పక్కన నిలబడి నాటింది వాడే. పెదనాన్న ఉన్నప్పుడు ఎరుపూ తెలుపూ ఒకే రాతి తొట్టిలో వేసి తొక్కేవాళ్ళం. కాస్తో వేరు చేశాడు.

ఆ ఏడు కోతల్లో లొగ్రోన్యో పట్నం నుంచి వైను కొనే దొన్ హసింతో వచ్చి నిరుటి వైన్లు రెండూ రుచి చూశాడు. ఎర్రదాన్ని నోట్లో తిప్పి మింగాడు. తెల్లదాన్ని నేలమీద ఉమ్మి, చేపలు కడుక్కోవడానికి బాగుంటుందన్నాడు. కాస్తో నవ్వాడు. కోతలవగానే తెల్ల తీగలు పెరికించేస్తానని ఆయనకి మాటిచ్చి సాగనంపాడు.

ఎలాదియో గట్టు మీదికి నడిచాడు. బుట్టెడు తెల్ల గుత్తులు భుజాన వేసుకొచ్చి, పులుస్తున్న ఎర్ర తొట్టిలో గుమ్మరించాడు.

కాస్తో తొట్టి కలిపే పంగలకర్ర తిరగేసి వాడి మూతి మీద కొట్టాడు. రాతిమీద పళ్ళు పడ్డ చప్పుడు విన్నాను.

"నా తొట్టిలో చేపల నీళ్ళు పోస్తావురా?"

ఎలాదియో నెత్తురు ఉమ్మాడు. "నాన్న తొట్టి అది. నీకు అందులో కాళ్ళు కడుక్కోడమే తెలుసన్నా."

నడుమునున్న కోత కొడవలి దూశాడు. కాస్తో ముంజేయి మోచేతి దాకా చీరుకుపోయింది. ఇద్దరూ కలియబడ్డారు. నేను మధ్యలో దూరితే ఎవడి మోకాలో నా కడుపులో దిగింది. లేచేసరికి కాస్తో అంచు మీద జారి తొట్టిలో పడ్డాడు. పడ్డవాడు లేవలేదు.

పులిసే తొట్టిలోకి కొవ్వొత్తి దించి చూడకుండా మా ఊళ్ళో ఎవడూ దిగడు. అది ఆరిందంటే లోపల పీల్చే గాలి లేనట్టే. నేను కొవ్వొత్తి కోసం తడుముకుంటున్నాను. ఎలాదియో ఆగలేదు. దూకి, అన్నని చంకల కింద పట్టి పైకెత్తాడు. నేను లాగాను. మళ్ళీ చెయ్యి చాపితే అందుకునేవాడు లేడు. ఊపిరి ఆగిపోయాక వాణ్ణి పంగలకర్రతోనే బయటికి తీశాను.

కాస్తో ఆ తొట్టి వైను పారబోయలేదు, అమ్మలేదు; ఒక పీపాలో పోసి ఉంచాడు. చలికాలం చివర్లో దొన్ హసింతో వచ్చి, అడక్కుండానే ఆ పీపాలోంచి గ్లాసు పట్టుకుని తాగాడు. ఇంకోటి పట్టాడు.

"ఈ లోయలో ఇంత మంచి ఎరుపు తాగలేదయ్యా. ఏం కలిపావు ఇందులో?"

కాస్తో ఆయన దవడ పగలగొట్టాడు. కింద పడ్డాక కూడా తన్నాడు. ఈసారి నేను మధ్యలోకి వెళ్ళలేదు. చెయ్యి తుడుచుకుని, కత్తెర తీసుకుని, ఏటా చేసే తీగల కత్తిరింపుకి బయల్దేరాడు. ఆ ఏడు గట్టు మీద పెరికించకుండా ఉంచిన తెల్లవాటితోనే మొదలుపెట్టాడు.