విప్పని మడతకు కొత్త సీలు

నేనొక రిజర్వు పారాచూట్‌ని. విమానంలోంచి దూకేవాళ్ల వీపు సంచిలో, పెద్ద పారాచూట్‌కు తోడుగా మడిచిపెట్టే రెండోదాన్ని. పెద్దది మొరాయిస్తేనే నా అవసరం. అందుకే నన్ను కొనుక్కున్నవాళ్లే నా మొహం చూడకూడదని మొక్కుకుంటారు. ఇంతకంటే దిక్కుమాలిన పుట్టుక ఇంకేముంటుంది?

ఏదో పరాయి దేశపు ఫ్యాక్టరీలో ఒక ఆడకూతురు నా అంచులు కుట్టింది. ఓడెక్కి, లారీ ఎక్కి, అనంతపురం వైపు, సరదాకు డబ్బు కట్టి దూకేవాళ్ల కోసం నడిపే ఒక ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్‌కు చేరాను. అక్కడ మమ్మల్ని మడిచే పని దస్తగిరిది. పటాలంలో ఇరవై ఏళ్లు ఇదే పని చేసి వచ్చినవాడు.

వాడినా వాడకపోయినా ఆరు నెలలకోసారి మమ్మల్ని విప్పి మళ్లీ మడవాలి. దస్తగిరి నన్ను దూలానికి వేలాడదీసి గాలికి ఆరనిచ్చేవాడు. గుడ్డను వెలుతురుకు పట్టి చిల్లులు వెతికేవాడు. తాళ్లన్నీ వేళ్ల సందున పోనిచ్చి, మెలిక లేదని తేలాకే మడత మొదలుపెట్టేవాడు. తాళ్లను కట్టి ఉంచే పాత రబ్బరు బ్యాండ్లు పారేసి కొత్తవి వేసేవాడు. సంచి మూశాక పనిముట్లు లెక్క చూసుకునేవాడు. ఒకసారి చిన్న క్లిప్పు కనబడక మూడు గంటల పని మొత్తం విప్పేశాడు. తీరా అది ఆయన జేబులోనే ఉంది! చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

"నవ్వండప్పా, పైనుంచి పడేటప్పుడు నవ్వు రాదులే" అన్నాడు.

అన్నీ అయ్యాక ఎర్రదారం కట్టి, సీసపు సీలు నొక్కి, నా కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టేవాడు.

యజమాని రామ్మోహన్‌కు ఈ నిదానం గిట్టేది కాదు. ఒక దసరా సెలవులకు జనం ఎగబడ్డారు. సరిగ్గా అప్పుడే మా పన్నెండింటికీ గడువు ముగిసింది.

"ఇప్పాల్సిన పన్లేదు దస్తగిరీ. ఒక్కటీ వాడలేదు గదా! తేదీలు మార్చి సంతకాలు పెట్టు."

"ఇప్పకుండా పెట్టేది లే సార్. నా సంతకం చూసే గదా వాళ్లు దూకేది."

"ఈ పనికి నువ్వొక్కడివే ఉండావా?"

"లేను సార్. ఇంగొకరిని చూసుకోండి."

చూసుకున్నాడు. బావమరిది కిశోర్ దగ్గర ఏదో కోర్సు సర్టిఫికెట్టు ఉంది. అతగాడు కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, పాత సీళ్లు కత్తిరించి కొత్తవి నొక్కాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ అంతే. నా కార్డు మీద దస్తగిరి పేరు కింద కిశోర్ పేరు రెండుసార్లు చేరింది. లోపల రబ్బరు బ్యాండ్లు వేడికి కరిగి తాళ్లకు అతుక్కుపోతున్నాయి. నోరుంటే అరిచేదాన్ని.

ఆ తర్వాత ఒక ఉదయం నన్ను వీపున వేసుకుంది హంసవేణి, ధర్మవరం బడిలో ఆటల టీచరమ్మ. ఆమె పెద్ద పారాచూట్ మెలికపడి సగమే తెరుచుకుంది. దాన్ని వదిలించుకుని నా పిడి లాగింది. బయటపడ్డాను గానీ ఒక బ్యాండు తాడును వదల్లేదు. ఒక సెకను. రెండు. కింద వేరుశనగ చేలు మీదికొస్తున్నాయి. చివరికి ఆమె బరువుకు బ్యాండు తెగింది. దస్తగిరి వేసిన మడతలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుని గాలిని పట్టాయి. చీలమండ విరిగింది గానీ ప్రాణం మిగిలింది.

రిజర్వుతో బతికి దిగినవాళ్లు దాన్ని మడిచినవాడికి తమ చేత్తో ఏదైనా ఇచ్చుకోవడం మా దగ్గర ఆనవాయితీ. హంసవేణి కాలికి కట్టుతో, చేతికర్రతో వచ్చింది. పట్టు శాలువా, మిఠాయి పెట్టె తెచ్చింది. కార్డు మీద చివరి పేరు చదివింది.

"మీ చేతులకు దండం పెట్టాల కిశోరన్నా. నా బిడ్డకు తల్లిని మిగిలిచ్చినారు" అంటూ ఏడ్చేసింది.

కిశోర్ శాలువా కప్పించుకున్నాడు. కాస్త సిగ్గుపడ్డాడు కూడా. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది! దస్తగిరి అప్పటికి గుత్తి రోడ్డులో టార్పాలిన్లు కుట్టుకుంటున్నాడట. ఆయనకు ఈ కబురు ఎవరూ చెప్పలేదు.

ఆమె వెళ్లిపోయాక రామ్మోహన్ బావమరిది వీపు తట్టాడు. "చూసినావా? ఏడాది పైన ఇప్పకపోయినా తెరుచుకునింది. ఆ ముసలోడు ఊరికే మన టైమంతా తినేసినాడు. ఇంగ అన్నిటికీ ఇట్లే చెయ్."

నన్ను అద్దాల పెట్టెలో పెట్టి ఆఫీసు గోడకు తగిలించారు. ఎదుటి బీరువాలో నా తోటివి పదకొండు, కొత్త సీళ్లతో వరుసగా ఉన్నాయి. వాటి లోపల రబ్బరు ఎలా ఉందో నాకు తెలుసు. హంసవేణి బిడ్డను తలుచుకుంటే తెరుచుకున్నందుకు సంతోషమే. కానీ నేను తెరుచుకున్నందుకే వాటిని ఇక ఎవరూ విప్పరు.

రేపు ఆదివారం. పదకొండు మందికి బుకింగులున్నాయి.