ఒక్కటి మాత్రం ఎదురు తిరగాలి

మా మనవరాలు తన గిటారుకు ఆంప్లిఫయరు తానే కట్టుకుంటానంటే మా ఆయన పొంగిపోయారు. బీరువా అడుగున పాత బనియన్లలో చుట్టి దాచిన రెండు గాజు వాల్వులు తీసి దాని చేతిలో పెట్టారు. ముప్ఫై ఏళ్ళు నడిపిన రేడియో షాపులో మిగిలింది ఆ జత ఒక్కటే. "ఇవి కాలితే మళ్ళీ నా దగ్గర లేవు తల్లీ" అని పదిసార్లు చెప్పి మరీ ఇచ్చారు. ఆ వారమే ఆయన కంటికి ఆపరేషనయింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి అసలే చూపు ఆనదు.

అంచేత ఆదివారం పొద్దున ఆంప్లిఫయరుకు మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు చూసేవాళ్ళం నేనూ పిల్లా, చెప్పేవారు ఆయన.

స్విచ్చి వేసి నిమిషమైనా కాలేదు.

"తాతయ్యా, వాల్వు లోపలి రేకు ఎర్రబడుతోంది!"

"ఆపెయ్! ఆపెయ్!" అంటూ ఆయన లేవబోయి స్టూలును తన్నుకున్నారు. పిల్ల ఆపేసింది.

"మధ్యలో వత్తి వెలగాలి గానీ రేకు ఎర్రబడితే వాల్వు చచ్చినట్టే. బయాస్ అందడం లేదు. వాల్వుకు అదే కళ్ళెం. మైనస్ వోల్టేజి పట్టి ఆపకపోతే అది కరెంటు తాగి తాగి కాలిపోతుంది. రెండూ పీకేసి, మీటరు పెట్టి చెప్పు."

"మైనస్ తొమ్మిది."

"నలభై ఉండాలే!"

ఇక చూడండి. డయోడు మార్చారు. రెసిస్టర్లు ఒక్కొక్కటీ కొలిచారు. మధ్యాహ్నం దాటింది, చేసిన అన్నం చల్లారిపోయింది, తొమ్మిది మాత్రం తొమ్మిదిగానే ఉంది. పిల్లకు విసుగొచ్చింది.

"మీటరే తప్పు చెబుతోందేమో తాతయ్యా. వాల్వులు పెట్టి ఒక్క నిమిషం చూస్తా."

ఆయనకు వద్దనడానికి నోరు రాలేదు, సరే అనడానికి మనసు రాలేదు. పిల్ల వాల్వు చేతిలోకి తీసుకుంది.

అప్పుడు నేను బల్ల మీదికి వంగి చూశాను. అయిదు కండెన్సర్లు వరసగా, ప్లస్సు గుర్తులన్నీ ఒకేవైపు, ఎంత ముచ్చటగా కూర్చున్నాయో! గిన్నెలు సర్దినా మూతులన్నీ ఒకవైపే ఉండాలని పిల్లకు చిన్నప్పటినుంచీ నూరిపోసింది నేనే.

నలభై ఏళ్ళ కిందటి మాట. మా షాపు బల్ల మీద ఒక పెద్ద సినిమా హాలువాళ్ళ ఆంప్లిఫయరు ఉండేది. నాలుగు కండెన్సర్లు ఒకవైపు, అయిదోది ఎడమొహం. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు పాపం పొరపాటు పడ్డారనుకుని, టంకం కడ్డీ వేడిచేసి దాన్ని సరిగ్గా తిప్పి అతికించాను. ఆయన వచ్చి స్విచ్చి వేశారు. ఢామ్మని ఆ కండెన్సరు పేలింది! మీసాల నిండా తెల్లటి పీచు, రెండు వాల్వులు బూడిద. కండెన్సరు అమ్మినవాడిది నాసిరకం సరుకని ఆయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నేను నోరు విప్పలేదు.

"ఉండవే పిల్లా, ఆ వాల్వు కింద పెట్టు" అన్నాను. "ఏమండీ, మీ మీసానికి పీచు అంటుకున్న రోజు గుర్తుందా? ఆ కండెన్సరు తిప్పింది నేనే. ఇప్పుడు ఈ పిల్ల కూడా అన్నీ ఒకేవైపు తిప్పి పెట్టింది."

ఆయన మీసం నిమురుకున్నారు.

"నాకు తెలుసు" అన్నారాయన.

"ఏం తెలుసు?"

"నేను టంకం పెడితే పేడముద్దలా ఉంటుంది. ఆ రోజుది ముత్యంలా ఉంది. ఇంకెవరు పెడతారు?"

"మరి ఆ షాపతన్ని అన్నేళ్ళు తిట్టారేమండీ!"

"వాడి సరుకు నిజంగానే నాసిరకం. అయినా నిన్నేమైనా అంటే కడ్డీ పక్కన పడేసి ఇంట్లో కూర్చునేదానివి. సగం రేడియోలు బాగుచేసింది ఎవరు, నేనా?"

"మీ పంచాయితీ తర్వాత! ఏది తిప్పాలో చెప్పండి ముందు" అని పిల్ల నెత్తి కొట్టుకుంది.

"మైనస్ లైనులో ఉన్నది ఒక్కటే ఎదురు తిరగాలి. దాని ప్లస్సు ఛాసీకి, అదే ఆ రేకు పెట్టెకి పోవాలి. కొత్తది వెయ్యి, తలకిందులుగా కరెంటు తిన్నది ఇక పనికిరాదు. ముందు ప్లగ్గు పీకి, పెద్ద కండెన్సర్లలో నిలవున్న కరెంటు దించెయ్. టంకం మీ అమ్మమ్మను పెట్టమను."

పెట్టాను. ఇన్నేళ్ళయినా ముత్యం ముత్యమే.

"మైనస్ నలభై ఒకటి!" అని పిల్ల గంతేసింది.

వాల్వులు పెట్టింది. స్విచ్చి వేసింది. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"వత్తి?"

"వెలుగుతోంది."

"రేకు?"

"నల్లగానే ఉందండీ, మూకుడు అడుగులా."

అయిదు నిమిషాల దాకా ఆయన అదే ప్రశ్న వేశారు, నేను అదే జవాబు చెప్పాను. అప్పుడు పిల్ల గిటారు తీగ ఒక్కటి లాగింది. అలమరలో గ్లాసులన్నీ గలగలమన్నాయి.

"బాబోయ్, ఇంత చప్పుడా!" అన్నాను.

"నీ గ్లాసులు కూడా తాళం వేస్తున్నాయిలే" అన్నారు మా ఆయన, ఒళ్ళంతా నవ్వుతూ. "ఇంకోటి లాగు తల్లీ. ఏమేవ్, నువ్వు మాత్రం ఆ రేకు మీదనుంచి కళ్ళు తీయకు."