ద్వాలి చూరు కింది మట్టి

ఢిల్లీలోని శిలీంధ్ర నిపుణుల నుంచి వచ్చిన ఉత్తరంలో ఒక్కటే కోరిక. నేను గీసి పంపిన బూజు బొమ్మలు బాగున్నాయట, ఇది ఎవరూ ఇంతవరకు వర్ణించని శిలీంధ్రమే కావచ్చట. అయితే బతికున్న బూజును గాజు గొట్టంలో పంపితేనే కొత్త జాతిగా పేరు పెట్టడానికి వీలవుతుందన్నారు.

నా భార్య నిర్మల పోయాక రెండేళ్లుగా నా సాయంత్రాలు కొత్తగూడెం కాలేజీలో, వృక్షశాస్త్రం ల్యాబులోనే గడిచాయి. జూలూరుపాడు అడవి అంచున, లంబాడీ రైతు భద్రు చేను పక్క గుంటలో తీసిన మట్టిలోంచి మొలిచిన బూజు అది. సూక్ష్మదర్శినిలో దాని బీజాలు చిన్న పడవల్లా, రెండు కొసలా వెంట్రుకంత తోకలతో కనిపించేవి. నాలుగు గొట్టాల్లో పెంచాను. వాటి మీద అంకెలు వేశాను గాని, పారేయవద్దని రాయలేదు.

ఉత్తరం పట్టుకుని ల్యాబుకు వెళ్లేసరికి గొట్టాలన్నీ తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి. యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వస్తున్నారని అటెండరు సమ్మయ్య సామానంతా కడిగేశాడు.

"బూజు పట్టినయ్ సారూ. ఉడకబెట్టి మరీ తోమిన," అన్నాడు.

సంగతి చెప్పాక అతని మొహం చూడలేకపోయాను. తప్పు నాదేనన్నాను. మర్నాడు అతనే సెలవు పెట్టి, జూలూరుపాడు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు.

గుంట లేదు. పూడ్చి నీలగిరి మొక్కలు నాటారు. భద్రు మమ్మల్ని తన తండాకు తీసుకెళ్లాడు. వచ్చిన పని విని అతని భార్య ద్వాలి నవ్వింది.

"మట్టి కోసం బస్సెక్కి వచ్చిండ్రా? కొత్తగూడెంల మట్టి లేదా?"

నవ్వుతూనే చూరు కింది గంప ముందుకు లాగింది. తీజ్ పండక్కి గోడలు పూయడానికి ఆ గుంటలోంచే తెచ్చి దాచుకున్న పెళ్లలు. ఇంకా పేడ కలపలేదు. ఆమెకూ ఆ మట్టి ఇక అంతే మిగిలింది. అగ్గిపెట్టెడు చాలన్నాను.

"అగ్గిపెట్టెడేంది సారూ. అది మొలవకపోతే మళ్ల బస్సెక్కుతవా? సగం తీస్కపో. మిగిలింది ముందుగోడకైతది, నాకు సాలు."

ల్యాబులో ఆ మట్టి చల్లిన ఆరో రోజు, పద్నాలుగు గాజు పళ్లేల్లో ఒక్కదానిలో, గోరంత మేర ఆ పడవలు కనిపించాయి. సమ్మయ్యను పిలిచి చూపించాను. సూక్ష్మదర్శిని మీంచి అతను చాలాసేపు కన్ను తీయలేదు.

గొట్టంతో పాటు ఢిల్లీకి పంపే కాగితంలో, దొరికిన చోటు అన్న గడిలో అడవి మట్టి అని రాసినా అడిగేవారు లేరు. 'గుంట మట్టి, ద్వాలి ఇంటి చూరు కింద దాచినది' అని రాశాను. కొత్త జాతి వివరాలతో శాస్త్ర పత్రికలో అలాగే అచ్చయింది. చూపిద్దామని తండాకు వెళ్లాను.

"అయితే నా గోడల గూడ ఉంటదా అది?" అడిగింది ద్వాలి.

ఉండొచ్చన్నాను.

"గోడను పాడు చేస్తదా?"

చెయ్యదన్నాను.

"ఉండనీ మరి," అంది.