కేకకు సరిపడా కరెంటు

ఇంజనీరు కనిపెట్టిన బ్రేకరుకు మనిషిని పోల్చుకునే గుణం ఉంది. పేటెంటు కాగితాల్లో ఆ ముక్క పేజీ పొడుగునా సాగుతుంది కానీ, సంగతి ఇంతే. మామూలు లీకేజీ బ్రేకర్లు గోడ చెమ్మగిల్లినా, పాత మోటారు కాస్త కరెంటు కార్చినా టప్పున పడిపోతాయి. వాటిని మాటిమాటికీ లేపలేక జనం విసిగిపోయి, బ్రేకరును తప్పించి వైరు నేరుగా కలిపేసుకుంటారు. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు ఆ ఇంట్లో ఎవరో పోతారు. ఈ కొత్త బ్రేకరు గోడనూ మోటారునూ పట్టించుకోదు. బతికున్న ఒంట్లోంచి పారే కరెంటు నిలకడగా ఉండదు, కండరం బిగిసేకొద్దీ మారుతుంది. ఆ మార్పు కనబడితే చాలు, కరెంటు ఆపేస్తుంది.

అందుకే దాన్ని నలుగురికీ చూపించాలంటే మనిషి కావాలి. తడిగుడ్డ పెడితే పలకలేదు. మాంసం ముక్క పెట్టి చూశారు, దానికీ పలకలేదు. ప్రాణమున్న చెయ్యే పెట్టాలి.

మొట్టమొదటిసారి పరీక్షించిన రోజు ఇంజనీరు తన చెయ్యే పెడదామనుకున్నాడు. అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో చెప్పులు విడిచి ఇనప పలక మీద నిలబడ్డాడు. ఎదురుగా బల్ల మీద ఫేజు వైరు రాగి కొస బయటపెట్టుకుని ఉంది. చెయ్యి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాపాడు. ఆ షెడ్డుకు వైరింగు చేస్తున్న మేస్త్రి నిచ్చెన మీంచి ఇదంతా చూస్తున్నాడు. ఆయన ఇంజనీరుకు స్వయానా బావ.

"ఏం బావమరిదీ, కొత్త కోడలు అత్తగారిని చూసినట్టు చూస్తున్నావు దాన్ని?"

"నవ్వకు బావా. లెక్క ప్రకారం ఏమీ కాదు."

"లెక్క నీదే, మిషనూ నీదే. నీకే గుండె చాలకపోతే ఊళ్లోవాళ్లేం కొంటారు? తప్పుకో."

మేస్త్రి దిగివచ్చి, పలకెక్కి, దోమను కొట్టినంత తేలిగ్గా రాగి కొస ముట్టుకున్నాడు. ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడింది. "అబ్బా!" అని కేక వేశాడు. బ్రేకరు అప్పటికే పడిపోయింది. వేళ్లు విదుల్చుకుంటూ ఆయన నవ్వాడు. ఇంజనీరు వెళ్లి బావను వాటేసుకుని ఏడ్చేశాడు.

అతని అమ్మానాన్నా చిన్నప్పుడే పోయారు. అక్క పెళ్లి చేసుకుని వస్తూ తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంది. మేస్త్రి ఆ ఒక్క విషయంలోనే కాదు, ఏ విషయంలోనూ భార్యకు ఎదురు చెప్పినవాడు కాదు. నోట్లో నాలుక లేని మనిషి. బావమరిదికి స్కూలు సంచీ దగ్గర్నుంచి ఇంజనీరింగు కాలేజీ దాకా అన్నీ తనే చూశాడు. ఎప్పుడూ చెప్పుకోలేదు కూడా.

పేటెంటు వచ్చింది. కంపెనీ పెట్టారు. ఒక సేల్స్ మేనేజరును పెట్టుకున్నారు. అతను ఇసుకను కూడా ఎడారిలో అమ్మగల రకం. ఎగ్జిబిషన్ హాల్లో మొదటి ప్రదర్శనకు మేస్త్రినే పిలిపించాడు. మైకు పట్టుకుని, "ఈయన మా ఇంజనీరుగారి సొంత బావగారు! బావ ప్రాణంతో పందెం కాసే మొనగాడు ఇంకెక్కడైనా ఉన్నాడా?" అన్నాడు. హాలు నవ్వింది. మేస్త్రి వైరు ముట్టుకుని ఎగిరిపడి కేక వేశాడు. హాలు ఇంకా నవ్వింది, తర్వాత చప్పట్లు కొట్టింది. ఆ వారమే ఆర్డర్లు వచ్చాయి.

అప్పటినుంచి ఊరూరా ప్రదర్శనలే. కంపెనీ బొమ్మ కుట్టిన నీలం చొక్కా ఇచ్చారు మేస్త్రికి. ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచి అందరూ ఆయన్ని 'బావగారూ' అనే పిలిచేవాళ్లు. ఆయనకది ఎంత నచ్చిందంటే, ఇంట్లో ఉన్న రోజు కూడా ఆ చొక్కాయే వేసుకునేవాడు. అంతకుముందు ఆయన చేసిన పనంతా గోడల్లో, ప్లాస్టరు కింద ఉండిపోయేది. లైటు వెలిగితే స్విచ్చు వేసినవాణ్ణి చూస్తారు గానీ వైరు లాగినవాణ్ణి ఎవరు చూస్తారు? ఇప్పుడు హాలు హాలంతా ఆయన్నే చూస్తోంది.

కొన్నాళ్లకు ఇంజనీరు రెండో పేటెంటు సంపాదించాడు. ఈసారి బ్రేకరు ఎంత వేగంగా పడుతుందంటే, ముట్టుకున్నవాడికి ముట్టుకున్నట్టే తెలియదు. ఆ రోజు అక్క ఇంట్లో భోజనం చేస్తూ, "ఇక బావకు చీమ కుట్టినట్టు కూడా ఉండదక్కా" అన్నాడు. ఆవిడ తమ్ముడి తల నిమిరి ఇంకాస్త వడ్డించింది.

కొత్త బ్రేకరుతో చేసిన మొదటి ప్రదర్శన చప్పగా సాగింది. మేస్త్రి వైరు ముట్టుకున్నాడు. లైటు ఆరింది. ఆయన మామూలుగా నిలబడి ఉన్నాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అసలందులో కరెంటుందా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "ముట్టుకున్నట్టు నటిస్తున్నాడ్రా" అన్నాడు ఇంకొకడు. సగంమంది లేచి పక్క స్టాల్లో ఉచితంగా ఇస్తున్న టోపీల కోసం వెళ్లిపోయారు.

"నొప్పి కనబడకపోతే ప్రాణం నిలబెట్టామని ఎలా తెలుస్తుంది సార్?" అన్నాడు సేల్స్ మేనేజరు ఆఫీసుకొచ్చాక. "జనానికి కావలసింది మన పేటెంటు కాదు. బావగారి కేక."

"కేక వేయమని చెబుదాం."

"చెప్పాను. నా పెళ్లాం పాటలాగా ఉంది. మీరు ఆ డెమో పెట్టె ఒక్కదాన్లో కాస్త ఆలస్యం పెట్టండి చాలు. నిబంధనలు ఒప్పుకునే హద్దు లోపే. పాత బ్రేకర్లకు ఆ మాత్రం ఆలస్యం ఉంది కదా?"

ఇంజనీరు కాసేపు గోళ్లు కొరుక్కున్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి ఒక అంకె మార్చాడు. మనిషి చావడు, అంతవరకూ నిజమే. బావకు మాత్రం చెప్పలేదు. చెబితే ముందే బిగుసుకుపోతాడు, సహజంగా ఉండదని మేనేజరు అన్నాడు.

సహజంగానే ఉంది. మేస్త్రి వెనక్కి విరుచుకుని పడ్డాడు. హాలు దద్దరిల్లింది. తర్వాతి ఊళ్లో అంకె ఇంకాస్త పెరిగింది, ఆ తర్వాత ఇంకాస్త. పెంచిన ప్రతిసారీ ఇంజనీరు పుస్తకం తీసి హద్దు ఎక్కడుందో చూసుకునేవాడు. ప్రదర్శన మొదలయ్యేసరికి మాత్రం ఏదో ఫోను వచ్చినట్టు బయటికి వెళ్లిపోయేవాడు.

ఇంట్లో మేస్త్రి భార్య గమనిస్తూనే ఉంది. ఆయన చేతిలోంచి గ్లాసులు జారిపోతున్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. అడిగితే, "వయసు మీద పడట్లేదూ" అంటాడు. ఆవిడకు నమ్మకం కలగలేదు. సొంత ఊళ్లోనే ప్రదర్శన ఉందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి వెనక వరసలో కూర్చుంది.

ఆవిడ మొగుడు నీలం చొక్కాతో వేదికెక్కి జనానికి చెయ్యి ఊపాడు. సినిమా హీరోలా జుట్టు సర్దుకున్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. ఆయన వైరు ముట్టుకున్నాడు.

అది కేకలా లేదు. దూడను తొక్కితే వచ్చే చప్పుడులా ఉంది. ఆయన మోకాళ్ల మీద కూలాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు. లేత రంగు ప్యాంటు ముందు భాగం తడిసి ముదురు రంగుకు తిరిగింది. ముందు వరసవాళ్లు అది చూసి ఒకళ్లనొకళ్లు గిల్లుకున్నారు. మేనేజరు ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"కంగారు పడకండి, బావగారికిది అలవాటే! ఇంట్లో మా అక్కయ్యగారు ఇంతకంటే గట్టిగా ఇస్తారు!"

హాలంతా పొట్టలు పట్టుకుంది. కింద కూర్చున్న మేస్త్రి కూడా నవ్వుతున్నాడు. నవ్వుతూ, నిలబడ్డానికి పనికొచ్చేదేదైనా దొరుకుతుందేమోనని ఎడంచేత్తో వెతుక్కుంటున్నాడు.

ఆవిడ బయటికి వచ్చేసరికి తమ్ముడు కాఫీ మిషను దగ్గర కప్పు పట్టుకుని ఉన్నాడు. అక్కను చూసి కప్పు కింద పెట్టేశాడు.

"చీమ కుట్టినట్టు కూడా ఉండదన్నావు."

"అక్కా, నువ్వెందుకొచ్చావు?"

"ఉండదన్నావా లేదా?"

"అమ్మేదాంట్లో ఉండదు. ఇది ప్రదర్శనకని కొంచెం మార్చింది. ప్రమాదం ఏమీ లేదక్కా, అంతా నిబంధనల లోపే ఉంది. బావకేమైనా అయితే నేను ఊరుకుంటానా?"

"సరే. లోపలికి రా. ఆయన లేచేలోపు నువ్వు వెళ్లి ఒకసారి చెయ్యి పెట్టు."

అతను జవాబు చెప్పడానికి చాలాసేపు ఆలోచించలేదు. అదే ఆవిడకు తర్వాత రోజుల్లో గుచ్చుకుంటూ ఉండిపోయింది.

"నా చేతులతో పనుందక్కా" అన్నాడు.

ఆవిడ చెంప పగలగొట్టింది. అతను చెంప తడుముకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

ఇంటికెళ్లాక మొగుడికి అంతా చెప్పింది. కావాలనే నొప్పి పెంచారని, ఎవరు పెంచారో కూడా పేరు పెట్టి చెప్పింది. మేస్త్రి తడి ప్యాంటు పిండుకుంటూ విన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. మనిషి మెత్తనే, కానీ మెత్తనివాడికి కోపమొస్తే ఇంతంత కాదంటారు కదా అనుకుంది. ఆయన భోజనాల వేళకు తిరిగొచ్చాడు.

"అడిగారా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"నిజమేనన్నాడు. నొప్పిగా ఉంటే మానెయ్ బావా, ఇంకొకణ్ణి చూసుకుంటామన్నాడు."

"మీరేమన్నారు?"

మేస్త్రి కంచం ముందు కూర్చున్నాడు. "ఇంకొకడెందుకు, నేను లేనూ అన్నాను."

ఆవిడ నోట పదునైన మాటే వచ్చింది. "కుక్కయినా బొమిక వేస్తేనే తోక ఆడిస్తుంది. మీకు అదీ అక్కర్లేదు, చప్పట్లు చాలు."

"అన్నం పెట్టు" అన్నాడాయన. అన్నం ముద్ద నోటిదాకా పోయేలోపు సగం కంచంలోకి రాలింది. ఆవిడ చూస్తూ కూర్చుంది. సాయం చేయలేదు.

ఆ తర్వాత కూడా నెలల తరబడి ప్రదర్శనలు సాగాయి. ప్రతిసారీ మేస్త్రి చేతిలోంచి పారిన కరెంటు, అది మారిన తీరు, కండరం బిగిసిన తీరు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కేవి. ఇంజనీరు వాటన్నిటినీ పోగేసి, సిలికోన్ రబ్బరుతో ఒక చెయ్యి తయారుచేశాడు. దాన్ని వైరుకు ఆనిస్తే బ్రేకరు మనిషే అనుకుని పడిపోతుంది. దానికి మూడో పేటెంటు వచ్చింది. కనిపెట్టినవారి పేరు దగ్గర ఇంజనీరు పేరొక్కటే ఉంది. ఆ రబ్బరు చెయ్యి మేస్త్రి కుడిచేతికి కవల. అరచెయ్యి అచ్చు కూడా ఆయన దగ్గరే తీసుకున్నారు, సరదాకని చెప్పి.

ఒక పెద్ద కంపెనీ వచ్చి మూడు పేటెంట్లనూ, ఇంజనీరునూ, సేల్స్ మేనేజరునూ కలిపి కొనేసుకుంది. బతికున్న మనిషితో ప్రదర్శనలు చేయడం తమ పద్ధతి కాదని వాళ్ల లాయర్లు మొదటిరోజే చెప్పారు. మేస్త్రిని ఇంటికి పంపేశారు. ఆయన నిచ్చెన దులిపి, పాత పనిలోకి దిగబోయాడు. స్క్రూడ్రైవరు పట్టు చిక్కలేదు. నరాలు చెడ్డాయని, ఇక పెద్దగా బాగుపడవని డాక్టరు చెప్పాడు. నిచ్చెన అమ్మేశారు.

పెద్ద కంపెనీ వాళ్లు హోటల్లో విందు పెట్టి కుటుంబాలను పిలిచారు. అక్క రానంది. మేస్త్రి ఒక్కడే బయల్దేరబోయి నీలం చొక్కా గుండీలు పెట్టుకోలేక గదిలో పెనుగులాడుతుంటే, ఆ చప్పుడు వినలేక ఆవిడే వెళ్లి గుండీలు పెట్టింది. ఇక తనూ వెళ్లక తప్పలేదు.

భోజనాలు సగంలో ఉండగా మేనేజరు మైకు తీసుకున్నాడు. "ఈ కంపెనీని నిలబెట్టిన గొంతు ఒకటుంది. బావగారూ, కొత్తవాళ్ల కోసం ఒక్కసారి!"

బల్లల దగ్గర్నుంచి "బావగారూ! బావగారూ!" అని చప్పట్లు మొదలయ్యాయి. మేస్త్రి లేచాడు. వైరు లేదు, పలక లేదు. వణికే చేతిని గాల్లోకి చాపి లేని వైరును ముట్టుకున్నాడు. వెనక్కి విరుచుకుని ఆ కేక వేశాడు. మోకాళ్ల మీద కూలాడు. ఎక్కడా పిసరంత తేడా లేదు. హాలు విరగబడి నవ్వింది. ఎదురు బల్ల దగ్గర ఇంజనీరు కూడా మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

పక్క కుర్చీలోని కొత్త ఆఫీసరు భార్య ఊపిరి తిప్పుకుంటూ మేస్త్రి భార్య భుజం మీద చెయ్యి వేసింది. "అబ్బ, చంపేస్తున్నాడండీ! ఎవరాయన?"

"నాకు తెలీదండీ" అంది ఆవిడ.

తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, కుడిచేతిని తొడ కింద పెట్టి అదిమి పట్టుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"మీ తమ్ముడు నవ్వాడు, చూశావా?"

"చూశాను."

"ఎన్ని ఊళ్లు తిరిగాం! ఒక్కసారి కూడా చూళ్లేదు వాడు, ఎప్పుడూ బయటికి పోయేవాడు. ఇవాళ మొదట్నుంచీ చివరిదాకా కదలకుండా చూశాడు." ఆవిడవైపు తిరిగి అడిగాడు. "బాగానే చేశానంటావా?"

"బాగా చేశారు."

వాళ్ల స్టాపు వచ్చింది. ఆవిడ ముందు దిగింది. కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి పట్టు చిక్కక, ఆయన ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతున్నాడు. "తొందరగా దిగవయ్యా!" అని డ్రైవరు కసురుకున్నాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఇంటివైపు నడుస్తూనే ఉంది.